చేపల అత్త దాటేసిన అధ్యాయం

చేపల అత్త పోయింది. గురువారం పొద్దున్న వాళ్ళ ఊరు యారాడ నుంచి ఆమె కూతురు ఫోన్ చేసి, “అమ్మ ఎల్లిపోనాది పాపా, నిద్దట్లోనే,” అంది. శుక్రవారం అత్తకి వినిపించాల్సిన ఆఖరి అధ్యాయం నా బల్ల మీదే ఉంది.

ఆమె మాకు బంధువు కాదు. వారానికి రెండుసార్లు నెత్తిన చేపల తట్టతో మద్దిలపాలెంలో మా వీధికి వచ్చేది. రెండు ఉద్యోగాలు వదిలేసి కూర్చున్న నన్ను ఏం చేస్తున్నావని ఇంట్లోవాళ్ళు అడగడం మానేశారు. ఆమె మానలేదు.

“ఏటే గుంటా, రోజూ ఏటి గీకుతన్నావ్?”

నవల అన్నాను. అందులో హార్బరు క్రేన్ల మీద కాపురముండే నీడలు ఊళ్ళోవాళ్ళ జ్ఞాపకాలు తింటుంటాయి. స్టీల్ ప్లాంటులో షిఫ్టు దిగినవాడికి తన ఇల్లెక్కడో గుర్తుండదు. ఒక అమ్మాయి ఆ నీడల వెంట పడుతుంది. అత్త కత్తిపీట మీద కానాగంత చేపలు కోస్తూ మొదటి అధ్యాయమంతా వింది.

“నీడలకి ఆకలేస్తాది, సరే. మరి కంపు రాదా? హార్బర్లో ఉండి కంపు కొట్టకపోతే నాను నమ్మను.”

ఆ రోజే వాటికి వాసన పెట్టాను. నేను వర్ణనలోకి దిగితే చాలు, “పొలుసు ఉంచేత్తే ఎవులు తింటారే? తీసీ!” అనేది.

క్రమంగా మాకో పద్ధతి కుదిరింది. పోయినసారి విన్నది మళ్ళీ వచ్చినప్పుడు ఆమె నాకు తిరిగి చెప్పాలి. బస్సులో తోటి చేపలమ్మలకి చెప్పి చెప్పి అప్పటికే అది ఆమె నోట్లో బాగా నలిగి ఉండేది. ఆమెకి గుర్తున్నది ఉంచేదాన్ని, జారిపోయింది కొట్టేసేదాన్ని. రెండేళ్ళలో నవల చిక్కి సగమైంది. బాగుపడింది కూడా.

ఏడో అధ్యాయంలో, పడవ మీద వేటకెళ్ళి తిరిగిరాని మనిషి భార్య దగ్గరికి ఒక నీడ వస్తుంది. ఆ రోజు జ్ఞాపకం నాకిచ్చేయ్, ఇక బాధ ఉండదు, అంటుంది. ఆమె చీపురు తీసి దాన్ని తరిమేస్తుంది. మరుసటిసారి అత్త వచ్చి దాని మాటే ఎత్తలేదు.

“పడవవాడి పెళ్ళాం కథ చెప్పవేం అత్తా?”

“ఏమోనే, గుర్తు నేదు. తరవాతది సదువు.”

తలెత్తకుండా పొలుసు గీకుతూనే ఉంది. నాకెంతో ఇష్టమైన అధ్యాయం. అయినా పద్ధతి పద్ధతే కదా, కంప్యూటర్లోంచి కూడా తీసేశాను.

పెదకర్మ రోజు యారాడ వెళ్ళాను. కూతురు టీ ఇచ్చి పక్కన కూర్చుంది.

“ఆ పడవోడి పెళ్ళాం కత పుస్తకంలో ఉంటాది కదా పాపా?”

“అత్త నీకు చెప్పిందా?”

“నాన్న ఏటకెల్లి రానప్పుడు నాకు మూడేల్లు. ఆ రోజు ఊసెత్తితే మాయమ్మ నోరిప్పీది కాదు. నీ కత నాకు సెప్పినాకే, ఆ పొద్దు గాలెలాగున్నాదో, నాన్న ఏ సొక్కా ఏసుకున్నాడో, అన్నీ సెప్పినాది.”

రెండేళ్ళు మా గుమ్మంలో కూర్చున్న మనిషిని, మీ ఆయన ఏం చేస్తాడని నేను ఒక్కసారీ అడగలేదు. గుర్తు లేదన్న మాట నమ్మేసి అధ్యాయం చెరిపేశాను. ఆ సంగతే చెప్పాను. ఆమె నా చేతిలో టీ గ్లాసు తీసి పక్కన పెట్టింది.

“అయితే కాయితం తీయ్. నాను సెప్తాను.”

తల్లి చెప్పినట్టే చెప్పింది. అందులో చీపురు లేదు. నీడతో ఆ భార్య అంటుంది: “ఆ రోజు నీకిచ్చీసి నానేటి సేసుకోవాల? అంత ఆకలైతే నాతో రా. ముందు ఈ తట్ట ఎత్తుకో.”

ఈ నెలాఖరుకి నవల పూర్తి చేస్తాను. ఏడో అధ్యాయం అత్తదే. ఎవరు కదపమన్నా అందులో అక్షరం కదపను. రాయడానికి కూర్చున్నప్పుడల్లా యారాడ కొండ రోడ్డు కనిపిస్తోంది. ముందు అత్త, చేతులూపుకుంటూ. వెనక నెత్తిన తట్టతో ఆ నీడ, ఉప్పునీళ్ళు మెడ మీదికి కారుతున్నా తుడుచుకోకుండా, ఆమె అడుగుని అందుకుంటూ.