రోజుకి ఒక్కటే పెనాల్టీ

పోయిన గురువారం పొద్దున్నే మా ఊరు చీపురుపల్లి నుంచి మా బావ ఫోను చేశాడు. "ఒరే, సన్నాయి మావ పోనాడ్రా. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకి జారబడ్డాడంట. మరి లెగనేదు" అన్నాడు. తొంభై దాటిన మనిషి, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్లిపోయాడు. అవతల మా బావ ముక్కు చీదుకుని, "ఏటన్నా సెప్పు, ఆ రోజు మనం నెగ్గినది అదృష్టంరా" అన్నాడు. యాభై ఏళ్లు దాటిన తగాదా అది. మావ పోయిన రోజున కూడా మా బావ దాన్ని వదల్లేదు. నేను ఈ నాలుగు మాటలూ రాయడానికి సగం కారణం, ఆ తగాదాలో మావ తరఫున మాట్లాడాలని.

మావ అంటే చుట్టం కాదు. మాది వ్యవసాయం చేసుకునే ఇల్లు. మా పెరటి గోడకి అవతల ఆయన ఇల్లు. రాములవారి గుళ్లో సేవకీ, చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లిళ్లకీ సన్నాయి వాయించేవాడు. మనిషి సన్నగా పొడుగ్గా ఉండేవాడు, బుగ్గలు మాత్రం ఊది ఊది వదులైపోయి వేలాడేవి. మనుషుల్ని పేర్లతో కాక పెళ్లిళ్లతో గుర్తుపెట్టుకునేవాడు. మా అమ్మ ఆయనకి "వానలో పెళ్లి". తాలూకా ఆఫీసు గుమాస్తా ఎదురైతే "ఏటి బాబూ, అప్పడాలు సాలనేదు, ఆ పెళ్లి నీదే కదూ?" అని మొహమ్మీదే అడిగేవాడు. ఆయన మాటకి ఎవరికీ కోపం వచ్చేది కాదు.

ఆయనకి ఇంకో వింత అలవాటుండేది. రోజుకి ఒకసారి, ఏ వేళో చెప్పలేం, వాళ్లింట్లోంచి ఉన్నట్టుండి గట్టిమేళం లేచేది. తాళి కట్టే క్షణాన వాయించే ఆ హోరు, పెళ్లీ లేకుండా పేరంటమూ లేకుండా, అర నిమిషం మోగి ఆగిపోయేది. వీధిలోకి కొత్తగా వచ్చిన కోడళ్లు ఉలిక్కిపడేవారు. మేం పుట్టినప్పటి నుంచీ వింటున్నాం కాబట్టి, అదెందుకని అడగాలని కూడా మాకు తోచలేదు. నాకది ఇరవై ఒకటో ఏట తెలిసింది, నేను పెనాల్టీ పోగొట్టాక.

అరవయ్యో దశకం చివరి రోజులవి. మా ఊరి ఫుట్‌బాల్ జట్టుకి మా బావ కెప్టెను. స్టేషన్లో గూడ్సు ఆఫీసులో పని, మిగతా ప్రాణమంతా ఆట. ఏటా కోతలయ్యాక శ్రీకాకుళంలో జరిగే పోటీలకి వెళ్లేవాళ్లం. ఆట సమానమైపోతే ఎక్కడైనా బొమ్మా బొరుసూ వేసేవారు, లేదా మర్నాడు మళ్లీ ఆడించేవారు. ఆ పోటీ పెద్దలు మాత్రం పైఊరి జట్లు సాయంత్రం బస్సు అందుకోవాలని చెప్పి, చెరో అయిదు పెనాల్టీలు కొట్టించి తేల్చేసేవారు. పెద్ద పెద్ద పోటీల్లో ఆ పద్ధతి తరవాతెప్పుడో వచ్చిందట. అది చదివినప్పుడు శ్రీకాకుళం వాళ్లే ముందు కనిపెట్టారని మేం చంకలు గుద్దుకున్నాం.

ఆ ఏడు ఫైనల్లో శ్రీకాకుళం జట్టుతో ఆట సమానమైంది. అయిదో పెనాల్టీ నాది. నేను తన్నిన బంతి గోలు పైన అడ్డబాదు మీంచి, జనం మీంచి, ప్రహరీ గోడ మీంచి వెళ్లి రోడ్డున పోయే గడ్డిబండిలో పడింది. బండివాడు చూసుకోలేదు. బంతితో సహా అరసవల్లి వైపు వెళ్లిపోయాడు.

ఇక ఊళ్లో నా బతుకు అడగకండి. టీకొట్టులో "బంతి దొరికిందేట్రా?" మంగలి గెడ్డం కింద కత్తి పెట్టి "బంతి దొరికిందేటి బాబూ?" చివరికి సంతలో వంకాయలమ్మే ముసలమ్మ కూడా అడిగింది. నవ్వుతూనే అడిగేవారు, నేనూ నవ్వేవాణ్ణి. కానీ లోపల చచ్చిపోయేవాణ్ణి. మైదానానికి వెళ్లడం మానేశాను. మళ్లీ పోటీలకి రెండు నెలలుండగా మా బావ పిలవడానికి వస్తే, పొలం పనుంది, రానన్నాను. ఆడడమంటే నాకు భయం లేదు. పెనాల్టీ కొట్టే ఆ తెల్ల చుక్క దగ్గరికి ఒక్కణ్ణీ నడవడమంటేనే భయం.

అప్పుడు మావ గోడ మీంచి తల పెట్టాడు. "పాతపట్నంలో ఓ పెళ్లిరా" అని మొదలెట్టాడు. "అప్పటికి నాకు నీ వయసే. పందిట్లో జనాన్ని సూస్తా ఉండిపోనాను. పెళ్లికొడుకు తాళి కట్టేసినాడు, నాను ఇంకా సన్నాయి తడుముకుంటన్నాను. మూడు దినాలు ఊదినాను, అదెవడికీ గేపకం నేదు. ఆ తరవాత రెండేళ్లు ఎక్కడికెళ్లినా 'తాళి కట్టేసినారు, ఊదొచ్చు' అనీవోరు."

"మరేం చేశావు మావా?"

"మీ అత్తతో సెప్పినాను. రోజుకి ఒక్కపాలి, నాను ఏటి సేస్తన్నా సరే, తింటన్నా తొంగున్నా సరే, నువ్వు సెయ్యెత్తు, నాను ఊదుతానని. ఒక్కపాలే. తప్పితే ఆ దినానికి తప్పినట్టే. మళ్లీ రేపే."

ఇన్నేళ్లు మా వీధి వీధంతా విన్న ఆ హోరు అదన్నమాట.

ఆ సాయంత్రమే మావ మా అరుగు మీద మా బావతో తగువేసుకున్నాడు. జట్టు చేత పెనాల్టీలు సాధన చేయించమన్నాడు. మా బావ ఒంటికాలి మీద లేచాడు.

"మావా, మాం నెగ్గడానికి ప్రాక్టీసు సేస్తాం. నెగ్గనేకపోతే ఏటి సెయ్యాలో దానికి కూడా ప్రాక్టీసు సేస్తామేటి? అపశకునం కాదేటి?"

"పెళ్లికూతురు నేకుండా మాం ఇంటికాడ గట్టిమేళం నేర్సుకోలేదా? అది అపశకునమేటి?"

"అది వేరు. ఇక్కడ కొట్టినంత సులువు కాదు అక్కడ. ఆ బెదురు ఇక్కడెలా వస్తాది? బెదురు నేని ప్రాక్టీసు దండగ. అదంతా అదృష్టం."

"బెదురు నాను తెస్తాను" అన్నాడు మావ. "నువ్వు బంతియ్యి సాలు."

మా బావ తను రానన్నాడు గానీ బంతి ఇచ్చాడు. నన్నూ, ఇంకో ముగ్గురినీ మావ స్టేషను వెనక మైదానానికి తీసుకెళ్లాడు. సరుగుడు బాదులు పాతిన గోలు. నలుగురికీ రోజుకి తలో పెనాల్టీ, అంతే. రెండోది అడిగితే బంతి చంకన పెట్టుకునేవాడు. అదీ ఎప్పుడో తెలుసా? విజయనగరం వైపు వెళ్లే పాసింజరు వచ్చి ఆగినప్పుడు. కిటికీల్లో రెండొందల తలకాయలు. మావ చేతులూపి వాళ్లందరినీ కేకలెయ్యమనేవాడు. ముక్కూ మొహం తెలియని జనం, వాళ్లకేం పోయింది, రైలు దద్దరిల్లేలా అరిచేవారు. మైదానం మధ్య గీత నుంచి ఒక్కొక్కళ్లం నడిచి వెళ్లాలి. పరుగు కూడదు.

మొదటి రోజు గోలుకి బారెడు దూరంలోంచి పోనిచ్చాను. "పోతే పోనాది, ఇంటికెళ్లు" అన్నాడు. రెండో రోజూ అంతే. మూడో రోజు, గోల్లో వంతుకి నించున్న మావాడి చేతుల్లోకి కొట్టాను. యాభై కొట్టనిస్తే నలభై వేసేవాణ్ణి, నాకు తెలుసు. ఒక్కటే అనేసరికి దాన్ని పొలానికి తీసుకెళ్లేవాణ్ణి, అన్నం దగ్గరికి తీసుకెళ్లేవాణ్ణి. రోజంతా అదే. వారం తిరిగాక మావ ఒక్క మాట చెప్పాడు. "ఏ మూలకి కొడతావో ఇంటికాడే అనుకో. దారిలో మార్సకు. ఊదేముందు రాగం మారిస్తే ఊపిరి సాలదు." ఆ రోజు పడింది. మర్నాడూ పడింది. తరవాత ఓ రోజు పోయింది. కానీ పోయిన రోజున కూడా నాకు అన్నం సహించింది. అదీ నాకు దొరికిన లాభం.

పోటీలొచ్చాయి. విచిత్రం చూడండి, మళ్లీ ఫైనల్లో అదే శ్రీకాకుళం జట్టు, మళ్లీ చెరో గోలుతో సమానం. పొద్దున్నే అరసవల్లి వెళ్లి, ఆట అంతదాకా రాకూడదని సూర్యనారాయణమూర్తికి మొక్కి వచ్చిన మా బావ తల పట్టుకున్నాడు. వాళ్లు అయిదింట్లో మూడు వేశారు. మాలో మొదటివాడు వేశాడు. రెండోవాడు, మావ దగ్గర రోజూ సాధన చేసినవాడే, బాదుకి కొట్టాడు. మూడోవాడు మా బావ. ఒక్క రోజు సాధన చెయ్యనివాడు, గోల్‌కీపర్ని ఒక వైపు పంపి రెండో వైపు వేసి, మీసం తిప్పుకుంటూ వచ్చాడు. నాలుగోవాడు వేశాడు. మూడూ మూడూ. అయిదోది నాది. పడితే మాదే కప్పు.

మధ్య గీత నుంచి నడిచాను. జనం ఊరుకుంటారా? "గడ్డిబండి సిద్ధంగా ఉన్నాదిరోయ్!" అని ఎవడో అరిచాడు, మైదానమంతా ఘొల్లుమంది. నాకు భయం వేసింది. అబద్ధం చెప్పను, బాగానే వేసింది. కానీ అది నాకు తెలిసిన భయం. యాభై, అరవై సార్లు దానితో కలిసి ఇదే దూరం నడిచాను. ఎడమ మూల కింద అని పొద్దున్న బస్సెక్కే ముందే అనుకున్నాను. బంతి పెట్టాను, వెనక్కి మూడడుగులు వేశాను, ఊపిరి వదిలి కొట్టాను. కీపరు అటే దూకాడు. అయినా వాడి వేళ్లకీ బాదుకీ మధ్య సందులోంచి బంతి వలలోకి దూరింది.

ఆ తరవాత ఏం జరిగిందో నాకు సగమే గుర్తుంది. మా బావ నన్ను భుజాలకెత్తుకుని ఏడుస్తూ, తిడుతూ పరిగెత్తాడు. ఊళ్లో బస్సు దిగేసరికి ఒకటే జనం. గెడ్డం గీసే మంగలి కప్పు నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరిగాడు. వంకాయల ముసలమ్మ నా బుగ్గలు నిమిరి, "నీకు బంతెందుకు నాయనా, కప్పే దొరికినాది" అంది. ఆ ఒక్కరోజు మా ఊరు ఎంత పెద్దదైపోయిందో చెప్పలేను.

మా బావ వాదన కొట్టిపారేసేది కాదు. "సాధన సెయ్యనోణ్ణి నాను ఏసినాను. రోజూ సేసినోడు బాదుకి కొట్టినాడు. మరి అదృష్టం కాక ఏట్రా?" అంటాడు. నిజమే. బంతి గోల్లో పడడం అదృష్టమే కావచ్చు బావా. కానీ నేను ఆ చుక్క దాకా నడిచాను చూడు, అది మాత్రం మావ పెట్టిన భిక్ష. ఆ తరవాత ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లినా, ఆపరేషను బల్ల ఎక్కినా ఆ నడకే నడిచాను.

కప్పు గెలిచిన మర్నాటి సంగతి చెప్పి ముగిస్తాను. పాసింజరు వేళకి మావ మా వీధి గుమ్మంలో నించుని, "బేగి రా, బంతి అట్టుకో" అన్నాడు. నెగ్గేశాం కదా, ఇంకెందుకన్నాను. "నీకు కాదురా, నాకు" అన్నాడు. పుట్టి బుద్ధెరిగి బంతి తన్నని మనిషి. పంచె గోచీ పోసి, ఉత్తరీయం నడుముకి బిగించి, మధ్య గీత దగ్గర నించున్నాడు. గోల్లో నన్ను నించోమన్నాడు. రైలు ఆగింది. కిటికీల్లోంచి కేకలు మొదలయ్యాయి. మావ నడవడం మొదలెట్టాడు. సగం దూరం వచ్చి ఆగిపోయాడు.

"ఓర్నాయనో, ఇంత దూరం ఉన్నాదేట్రా!" అని అరిచాడు. "ముందే సెప్పొద్దేట్రా!"

నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. కాసేపు నించుని, బుగ్గల నిండా గాలి పట్టి వదిలి, మిగతా దూరం నడిచాడు. బొటనవేలితో పొడిచాడు. బంతి అడుగడుక్కీ ఆగుతున్నట్టు కుడి వైపు దొర్లింది. నేను ఎడమ వైపు దూకాను. కావాలని దూకలేదు, ఒట్టు. ఇప్పటికీ ఎవరూ నమ్మరు. దుమ్ములో బోర్లా పడి తల తిప్పి చూశాను. బంతి మెల్లగా గీత దాటి ఆగింది. మావ దెబ్బతిన్న వేలు నేలకి ఆనకుండా కుంటుతూ, రెండు చేతులూ పైకెత్తి రైలు వెంట పరిగెడుతున్నాడు. నడుముకి కట్టిన ఉత్తరీయం ఊడి వెనకాల ఈడుస్తోంది. బండి వేగం అందుకుంది. కిటికీల్లోంచి చేతులన్నీ ఆయన కేసే ఊగుతున్నాయి.