పక్క సగానికి కూడా రంగు

భీమమ్మ ఇల్లు అమ్మదలచుకున్నది మోకాళ్ల నొప్పులకు తాళలేక. వనపర్తిలో ఆడపిల్లల హాస్టల్లో ఆమెది వంట పని. ఇల్లున్న గోపాల్‌పేటలో చీకటితోనే బస్సెక్కాలి, సాయంత్రం మళ్లీ నిలబడి రావాలి. భర్త పోయాక ఇన్నేళ్లూ అలాగే తిరిగింది. ఇక కాళ్లు సాగక, హాస్టల్ పక్కనే ఒక గది మాట్లాడుకుని ఇంటిని బేరానికి పెట్టింది.

ఇల్లంటే పూర్తి ఇల్లు కాదు. మామ కట్టించినదాన్ని అన్నదమ్ములిద్దరూ నడుమ గోడ పెట్టి పంచుకున్నారు. కుడి సగం భీమమ్మది, ఎడమ సగం మరిది చిన్నయ్యది. వీధిలోంచి చూస్తే మాత్రం ఒకటే ముందు గోడ, ఒకటే పొడుగాటి అరుగు. మోరిలో మురుగునీళ్లు ఎటు పారాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, చిన్నయ్య భార్య హన్మమ్మకూ ఆమెకూ ఏళ్లుగా మాటల్లేవు.

ఇల్లు చూడవచ్చినవాళ్లు లోపలికి రాకముందే పెచ్చులూడిన గోడ చూసి మొహం చిట్లించేవారు. బేరాలు కుదిర్చే రాఘవేందర్ ఒకరోజు విసుక్కున్నాడు.

"లోపల ఎంత మంచిగుంటే ఏంది పెద్దమ్మా? ముందర జర రంగు కొట్టియ్యి."

భీమమ్మ సెలవు పెట్టి పనివాణ్ని పిలిపించింది. పెచ్చులు గీకించి, సిమెంటు పూయించి, లేత గులాబీ రంగు వేయించింది. అరుగుకు తనే కూర్చుని ఎర్రటి జాజు పూసింది. అంతా అయ్యాక రోడ్డవతల నిలబడి చూసుకుంటే నీరసం ముంచుకొచ్చింది. తన సగం మెరిసేసరికి రెండో సగం మరీ పాడుబడినట్టు కనబడుతోంది. ఇంటిని ఎవరో నడిమికి కోసినట్టుంది.

ఆ ఆదివారం వచ్చినాయన కూడా, "పక్కోళ్లు గట్లనే ఉంచుకుంటరా?" అని అడిగి, గడప తొక్కకుండానే వెళ్లిపోయాడు.

ఇక తప్పదని భీమమ్మ పక్క దర్వాజ ముందుకు వెళ్లి నిలబడింది. హన్మమ్మ చాటలో కందులు చెరుగుతోంది. తలెత్తలేదు.

"హన్మమ్మా, మీ దిక్కు గూడ రంగు ఏపిస్త. ఖర్చు నాదే."

"అమ్ముకొని పోయేదానివి. మా గోడతోని నీకేం పని?"

భీమమ్మ నిలబడలేక అరుగు మీద కూలబడి మోకాలు పట్టుకుంది. లోపల చాట చప్పుడు ఆగింది.

"ఇల్లు అమ్ముతున్నవని నాకు ఎవరు చెప్పిన్రు? కిరాణం కొట్టాయన. పక్కనున్నదాన్ని, బయటోళ్లు చెప్తే వినాల్నా? మా ఆయనకు దమ్మొచ్చి ఊపిరాడననాడు నడిమి గోడ కొడితే నువ్వే గదా ఆటో తెచ్చినవ్. మాటల్లేకున్నా నువ్వుంటివి. రేపు ఎసుంటోళ్లొస్తరో నాకేం తెల్సు?"

"మాట్లాడకపోతిమి గదా, ఎట్ల చెప్పాలె?" అంది భీమమ్మ. "నాకు చాతనైతలేదు హన్మమ్మా. బస్సు మెట్టు మీదికి కాలు లేస్తలేదు."

హన్మమ్మ బయటికొచ్చి రెండు సగాలనూ కాసేపు చూసింది.

"ఏపియ్యి. గులాబీ మాత్రం నాకొద్దు. నువ్వు పోతవ్, దినాం చూసుకునేది నేను."

ఆమెకు పసుపు రంగు కావాలి. అంటే వేయించిన సగం మళ్లీ వేయించాలి. పనివాడేమో అప్పటికే కల్వకుర్తి దిక్కు పనికి పోయాడు. చివరికి ఇద్దరే కొంగులు దోపుకున్నారు. హన్మమ్మ స్టూలెక్కి పైన, భీమమ్మ అరుగు మీద కూర్చుని కింద. "గీడ పడలే", "జర కలుపు" తప్ప పెద్దగా మాట్లాడుకోలేదు. పసుపు వెనకాల గులాబీ అక్కడక్కడా కనబడుతూనే ఉంది. ఇంకో పూత పూసే ఓపిక ఇద్దరికీ లేకపోయింది.

తర్వాత ఆత్మకూరు నుంచి బదిలీ మీద వచ్చిన బడి పంతులు, భార్య సౌందర్యతో వచ్చి చూశాడు. గోడ గురించి ఒక్క మాటా అనలేదు. ఆయన గదులు చూస్తుంటే సౌందర్య గొంతు తగ్గించి అడిగింది.

"పక్కామె ఎట్లాంటిదమ్మా?"

"నోరు గట్టిది. కోపం పెట్టుకోకుండ్రి. నేను పెట్టుకొని అలిసిపోయిన," అంది భీమమ్మ. "వాళ్లాయనకు దమ్ముంది. పిలిస్తే జర పలుకుండ్రి."

బేరం కుదిరింది. సామాను ఆటోలోకి ఎక్కించిన రోజు హన్మమ్మ పిలిచి అన్నం పెట్టింది. భీమమ్మ తిన్నది గానీ, చెయ్యి కడుక్కోవడానికి లేవలేక కంచం ముందే కూర్చుండిపోయింది. హన్మమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి కంచంలోనే చెయ్యి కడిగించింది.

"పొద్దుంది గదా అక్కా. ఆటో ఆగుతది, కూసో," అంది.