చచ్చినోళ్ళ వైన్, చావని బావమరిది

బుతీకష్ కొండల్లో వైన్‌ని భూమిలో పాతిపెడతారు. వెనకటికి ఫ్రెంచి సైన్యం ఊరి మీద పడ్డప్పుడు బంగారం ఉన్నవాళ్ళు బంగారం పాతుకున్నారు, లేనివాళ్ళు సీసాలు పాతుకున్నారు. సైన్యం పోయాక తవ్వి తాగితే, పెట్టినప్పటికన్నా రుచిగా ఉంది. అప్పటినుంచి దాన్ని చచ్చినోళ్ళ వైన్ అంటారు. ఇప్పుడు ఏ సైన్యమూ రాదు. అయినా పాతడం మానలేదు.

అదెరీతుకి మాత్రం శత్రువు ఉన్నాడు. భార్య దెవులిందకి తమ్ముడు, పేరు బెల్మీరు. వైన్ విషయంలో ఆ చుట్టుపక్కల బెల్మీరు మాటే మాట. ఒక గుక్క నోట్లో తిప్పి "బాగుంది" అన్నాడంటే ఆ ఇంటివాళ్ళు ఏడాది పొడుగునా మీసాలు మెలేసేవారు. అదెరీతు వైన్‌కి పెళ్ళయిన నాటినుంచీ ఒకటే తీర్పు: "తాగొచ్చు."

ఆ మాట విని విని అదెరీతుకి జుట్టు నెరిసింది. చచ్చేలోగా ఒక్కసారి "బాగుంది" అనిపించుకోవాలి, మరే కోరికా లేదు. చివరికి ఒక ఏడాది మూడు రకాల నల్లద్రాక్ష కలిపాడు. రంగుకి తింత, వాసనకి తురీగ, నాలుక మీద కాస్త పొగరుకి బస్తార్దు. తన దిష్టే తగులుతుందేమో అన్నంత ముద్దొచ్చింది అతనికి. నేలమాళిగలో మట్టి కింద పాతి, రెండు చలికాలాలు పళ్ళు బిగబట్టి ఆగాడు.

అతను చెస్ట్‌నట్‌లు ఏరడానికి కొండెక్కిన వారంలో దెవులింద నేలమాళిగకి సిమెంటు చేయించింది.

"ఎంత ఊడ్చినా దుమ్మే కదయ్యా! నీకు చెప్పకుండా చేయిద్దామనుకున్నా. ఎలా ఉంది?"

"సమాధిలా ఉందే తల్లీ!" అని అదెరీతు నెత్తి బాదుకున్నాడు.

అదే వారం బెల్మీరు లివరు చూసిన డాక్టరు, క్రిస్మస్ దాటడం కష్టమన్నాడు. అదెరీతు కంచం ముందునుంచి లేచిపోయాడు. బావమరిది పోతున్నందుకా, ఆ మాట అనకుండా పోతున్నందుకా అన్నది అతనికే తెలియలేదు.

నవంబరులో సావ్ మర్తీన్యు పండుగ వచ్చింది. ఊరంతా సీసాలు తెరిచి రుచి చూసే రోజు. బెల్మీరు తన కుర్చీ తనే మోసుకొచ్చి, అదెరీతు సిమెంటు పగలగొడుతుంటే గునపం పోటు పోటుకీ సలహా చెప్పాడు.

"మెల్లగా బావా! పైకి రావాల్సింది సీసాలు, మీ తాతలు కాదు."

"నీకు వైన్ వద్దన్నాడు కదా డాక్టరు?"

"తాగొద్దన్నాడు. తీర్పు చెప్పొద్దనలేదు."

ఒక గుక్క తీసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు తెరవకపోతే పోయాడేమోనని దెవులింద శిలువ గుర్తు వేసుకుంది కూడా.

"ఇంకా కాలేదు. పాతిపెట్టెయ్. వచ్చే ఏడు వస్తా."

"వచ్చే ఏడా? ఏ కాళ్ళతో వస్తావ్?"

"వైన్ సంగతి నువ్వు చూసుకో బావా. కాళ్ళ సంగతి నేను చూసుకుంటా."

మళ్ళీ పాతారు. తను బతికుండగా ఇంట్లో మట్టి నేల ఉండదని దెవులింద మళ్ళీ సిమెంటు చేయించింది. బెల్మీరు క్రిస్మస్ దాటాడు, ఈస్టర్ దాటాడు, నవంబరుకి కుర్చీతో దిగాడు. గునపం, గుక్క, "ఇంకా కాలేదు", సిమెంటు. ఆ మరుసటేడూ అంతే. చివరి ప్రార్థనకని రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ భోంచేసి వెళ్ళిన ఫాదర్, "ఈసారి పోయాకే కబురు పెట్టండి" అన్నాడు. డాక్టరేమో రిటైరై సముద్రం ఒడ్డుకి వెళ్ళిపోయాడు.

నాలుగో ఏడు అదెరీతు పండగకి ముందురోజే తవ్వాడు. గునపం తగిలి ఒక సీసా మెడ విరిగింది. వేలు ముంచి నాకి చూశాడు. వెనిగర్. దెవులింద ఆ సీసా తీసుకెళ్ళి పాలకూర ఆకుల మీద చల్లి నోట్లో వేసుకుంది.

"దీనికి మాత్రం భలేగా ఉందయ్యా" అంది.

అదెరీతుకి వైన్ పోయిందన్న దిగులు కలగలేదు. భయం వేసింది. తీర్పు చెప్పడం అయిపోతే బెల్మీరుకి వచ్చే నవంబరుతో పనేముంది?

మర్నాడు బెల్మీరు కుర్చీ మోసుకురాలేకపోయాడు. ఇద్దరు మనుషులు అతన్నే కుర్చీలో మోసుకొచ్చారు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అప్పుడే తెలిసిపోయి ఉంటుంది. అయినా పూర్తి గుక్క పట్టాడు, నోట్లో తిప్పాడు, మింగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బావా," అన్నాడు గొంతు సవరించుకుని, "ఇంకొక్క ఏడాది ఆగాలి."

"నాకూ అలాగే అనిపించింది బావా. తొందరపడ్డాం" అన్నాడు అదెరీతు.

దెవులింద అప్పటికే పెరట్లో సిమెంటు కలుపుతోంది.