తమ్ముడు బోర్లా పడిన రోజు

పోయిన వారం కర్నూలు ఆసుపత్రిలో నా కూతురి కొడుకును చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, డాక్టరమ్మ చేయి కూడా తగిలించకుండా, వాడి కాళ్లూ చేతులూ కదిలే తీరునే చాలాసేపు చూస్తూ కూర్చుంది. రెండు నెలలు ముందుగా పుట్టాడు గనక వయసులో ఆ రెండు నెలలూ తీసేసి చూడాలనీ, ఆలస్యమైతే కంగారు పడవద్దు గానీ దాచవద్దనీ చెప్పింది. దాచవద్దన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది.

మా తమ్ముడు ఏడో నెలలో పుట్టాడు. అప్పుడు మేము ఆత్మకూరులో ఉండేవాళ్లం, నాకు తొమ్మిదేళ్లు. బిడ్డ బోర్లా పడితే ఓళిగలు, అంటే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు చేసి ఇంటింటికీ పంచడం నా వయసువాళ్లకు చెప్పనక్కరలేదు. బిడ్డ ఎదుగుదలకు మాకున్న కొలత అదొక్కటే. పక్కింటి అత్త కొడుకు మావాడి తర్వాత పుట్టి ముందే బోర్లా పడ్డాడు. ఆమె రోజూ గోడ మీదుగా పలకరించేది.

"ఏమ్మే, నీ కొడుకు ఇంకా పైకప్పే చూస్తాండాడా? మావోడు గడప కాడికి పోతాండాడు."

ఒకరోజు అమ్మ తలెత్తకుండానే, "పడినాడు లేక్కా, పొద్దున్నే పడినాడు" అనేసింది.

ఆ పొద్దున నేను అక్కడే ఉన్నాను. వాడి నడుము కింద చేయి పెట్టి తిప్పింది అమ్మే. వాడు తల ఎత్తలేక, ముఖం చాపకు ఆనించి ఏడ్చాడు. అయినా మధ్యాహ్నానికి ఓళిగలకు శనగపప్పు ఉడికింది. తట్ట పట్టుకొని ఆరిళ్లు తిరిగి, మా తమ్ముడు బోర్లా పడ్డాడని చెప్పినదాన్ని నేను. ఆ తర్వాత ఎవరూ అడగలేదు, మేమూ వాణ్ణి ఏ డాక్టరుకూ చూపించలేదు. మూడేళ్లు దాటాక నడిచాడు, మడమలు నేలకు ఆనకుండా, మునివేళ్ల మీద. అప్పుడు కర్నూలుకు తీసుకుపోతే, ఇన్నాళ్లూ ఏం చేశారని డాక్టరు అడిగాడట.

తమ్ముడు పోయి ఏడాది కావస్తోంది. వాడి చెప్పులు మా ఇంట్లోనే ఉన్నాయి. ముందువైపు చిల్లులు పడ్డాయి, మడమ దగ్గర కొత్తవాటిలాగే ఉన్నాయి. పసితనంలోనే చూపించి ఉంటే తేడా ఉండేదా అని డాక్టరమ్మను అడిగాను. కొంత ఉండేదేమో, చెప్పలేనంది. అమ్మ మీద నాకు కోపం లేదు. తట్ట మోసిన చేతులు నావే కదా.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో కూతురు, వీడు బోర్లా పడితే ఓళిగలు చేస్తావా అని అడిగింది. వాడంతట వాడు పడిన రోజు చేస్తానన్నాను. చేస్తాను కూడా. కానీ ఎవరింటికి పంచాలో తెలియదు. మేముండే కల్లూరులోని ఈ కొత్త ఇళ్ల మధ్య, బిడ్డ పుట్టి ఐదు నెలలైనా, వాడింకా బోర్లా పడలేదా అని గోడ మీదుగా అడిగినవాళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు.