విజిల్ కోసం ఆగిన నిమిషం

1984. రువైస్ రిఫైనరీ టౌన్‌షిప్ క్లినిక్‌లో నేను మేల్ నర్సుని. కాలు విరిగినా కడుపు నొచ్చినా ముందు మా దగ్గరికే వచ్చేవారు. పెద్ద కేసైతే అంబులెన్సులో అబుదాబికి గంటల ప్రయాణం.

డెక్లన్ ఐర్లండ్ మనిషి, పైపింగ్ సూపర్‌వైజర్. వయసులో ఉండగా వాళ్ల జిల్లా జట్టుకి గేలిక్ ఫుట్‌బాల్ ఆడాడట. బంతిని కాలితో తన్నొచ్చు, చేత్తోనూ పట్టుకోవచ్చు. కొత్తగా చూసేవాడికి పిచ్చెక్కే ఆట. మోకాలు దెబ్బతిని ఆట మానేసి, మా టౌన్‌షిప్‌లో ఐరిష్‌వాళ్లు శుక్రవారాలు ఆడే ఆటలకి రిఫరీ అయ్యాడు. ఆ మోకాలికి కట్టు కట్టించుకుంటూ ఒకరోజు, "నీకు తెల్లకోటు ఉందిగా, శుక్రవారం అంపైర్‌గా రా" అన్నాడు. ఆ ఆటలో గోల్‌పోస్టుల పక్కన ఇద్దరు అంపైర్లు తెల్లకోట్లతో నిలబడి జెండాలు ఊపుతారు. నా రెండో కోటు ఆర్మూరు రాజేశానికి తొడిగాను. అతను స్కాఫోల్డింగ్ పనివాడు.

డెక్లన్‌ది ఒకటే షరతు. "నా విజిల్ పడేదాకా గీత దాటొద్దు. నర్సువైనా సరే." ఒకసారి ముక్కు పగిలినవాడి దగ్గరికి పరుగెత్తితే అందరి ముందూ చీవాట్లు పెట్టాడు. సిగ్గుతో చచ్చాను.

కొన్ని వారాల తర్వాత ఒక శుక్రవారం సాయంత్రం బంతి అవతలి గోల్ దగ్గరుంది. ఆటగాళ్లంతా అటే ఉన్నారు. ఇటు మైదానం మధ్యలో డెక్లన్ మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"అన్నా, గాయన గట్ల కూసున్నడేంది?" అన్నాడు రాజేశం.

"ఎప్పటి మోకాలే తియ్. లేస్తడు."

లేవలేదు. మెల్లగా పక్కకి ఒరిగిపోయాడు. అది మోకాలు కాదని అప్పుడర్థమైంది. అయినా కాళ్లు గీత దగ్గరే ఆగిపోయాయి. విజిల్ కోసం చూస్తున్నాను! విజిల్ ఉన్నది ఆ పడిపోయిన మనిషి దగ్గర. ఆట ఆపాల్సినవాడే పడిపోతే ఇంక ఆపేదెవరన్న ఇంగితం నా మట్టిబుర్రకి తట్టలేదు.

"అన్నా, ఉర్కు! మనిషి వోతున్నడు!" రాజేశం నన్ను లోపలికి నెట్టాడు.

కార్డియాక్ అరెస్ట్, అంటే గుండె కొట్టుకోవడం ఆగిపోవడం. అప్పుడు చేతిలో ఉండేది మూడు నాలుగు నిమిషాలే. అందులో ఒక నిమిషం నేను నిలబడి పోగొట్టాను. చేతులు పడిపోయేదాకా ఛాతీ నొక్కుతూనే ఉన్నాను. మా డాక్టర్ వచ్చి భుజం పట్టుకుని, "ఖలాస్ భాయ్, వదిలెయ్" అన్నాడు. ముందే పరుగెత్తినా బతికేవాడు కాదేమో అని కూడా అన్నాడు. ఆ 'ఏమో' నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఈ పనిలోనే ఉన్నాను. మనిషి పడితే ముందు పరుగెత్తడం, అనుమతి తర్వాత అడగడం అలవాటైంది. దానికి ముదీర్ల చేత, అంటే మేనేజర్ల చేత, తిట్లూ తిన్నాను. కానీ ఆ పాఠం నాకు ఒక మనిషి పోయాక వచ్చింది.

డెక్లన్ పోయిన రెండ్రోజులకి ఆయన భార్య ఐర్లండ్ నుంచి ఫోన్ చేసింది. ఒక్కటే అడిగింది. "పడ్డ క్షణం నుంచీ ఆయన పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాను మేడమ్. నేనే."

ఆవిడ ఏడుస్తూ నన్ను దీవించింది.