కడిగిన కల్లు సీసా

సిద్దిపేటలో మా ఇంటికి దగ్గర్లో ఒక చిన్న ల్యాబు ఉంది. అందులో పరీక్షలు చేసే ఆవిడంటే నాకు ఎంతో గౌరవం. నా తెలివితక్కువతనాన్ని ఒక్క ప్రశ్నతో పట్టుకున్న మనిషి ఆమె.

మా బాపు తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు. మొన్న ఎండాకాలం మూత్రంలో మంట అంటే డాక్టరు పరీక్ష రాశాడు. చిన్న సీసా ఏదీ దొరక్క, నేనే ఒక కల్లు సీసాను రెండు నీళ్ళతో కడిగి ఇచ్చాను. ల్యాబుకు తీసుకెళ్ళిందీ నేనే. ఆవిడ అందులో రంగు గడులున్న పరీక్ష పట్టీ ముంచితే షుగర్ గడి ముదురు గోధుమ రంగుకు తిరిగింది.

"సోమవారం బాపును తోల్కరా. రక్తం గూడ చూస్తా" అంది.

ఇంట్లో చెప్పానో లేదో, అమ్మ బాపు చెట్టెక్కే మోకును తీసి అటక మీద పడేసింది. "షుగరున్నోడు చెట్టెక్కుడేంది? కండ్లు తిరిగి పడితే?"

 బాపు రోజూ సద్ది పట్టుకొని తాటిచెట్ల దాకా పోయి, వాటిని కింది నుంచే చూసి వచ్చేవాడు. సద్దిగిన్నె మాత్రం ఖాళీగా తెచ్చేవాడు.

సోమవారం ఆవిడ తన దగ్గరున్న శుభ్రమైన డబ్బీలో పట్టించింది. ఈసారి షుగర్ గడి రంగు మారలేదు. రక్తంలోనూ షుగర్ ఎక్కువ లేదు. కానీ పట్టీ మీద పక్క గడి ఊదారంగుకు తిరిగింది. ఆవిడ దాన్ని కాసేపు చూసి నావైపు తిరిగింది.

"మొన్న దేంట్ల తెచ్చినవు?"

"కల్లు సీసల. కడిగిన."

"అడుగున ఎండిన తీపి రెండు నీళ్లకు పోతదా?" అని, బాపును అడిగింది. "పెద్దనాయినా, అన్నం తిని ఎన్ని రోజులైంది?"

తిండి లేనప్పుడు ఒళ్ళు తన కొవ్వునే కరిగించుకుని బతుకుతుందట. దాని ఆనవాలు మూత్రంలో తేలుతుందట. ఒకే ఇంట్లో ఉండి మేం కనిపెట్టలేనిది ఆమె ఒక గడి రంగులో చదివేసింది. చదువంటే అదీ అనిపించింది.

బాపు తల దించుకున్నాడు. "సద్ది కుక్కకు పెట్టిన బిడ్డా. రాత్రి కడుపు నిండ ఉందని చెప్పి పండిన. తినకుంటే షుగర్ దిగుతదనుకున్న. చెట్టెక్కనియ్యకపోతే నేనేం జెయ్యాలె?"

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చాక అమ్మ వేడన్నం పెట్టి, కంచం ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చుంది. తర్వాత స్టూలెక్కి మోకు దించింది. బాపుకు అందించినా దాని కొసను మాత్రం వెంటనే వదల్లేదు. ఇన్నేళ్ళూ ప్రతి పొద్దున ఆమె ఆ మోకును ఇంత భయంతోనే ఇస్తోందని నాకు అప్పుడే తెలిసింది.