తమ్మూజ్ ముప్ఫై అయిదు

నేను పనిచేసే చోట డెబ్బై ఏళ్ళవాళ్ళని కుర్రాళ్ళ కింద లెక్కేస్తారు. మెల్‌బోర్న్‌కి ఆగ్నేయంగా ఉన్న వృద్ధుల ఆశ్రమం అది. ఉండేవాళ్ళలో ఎక్కువమంది యూదులు. నేనుండేది టార్నీట్‌లో, అంటే ఊరికి సరిగ్గా అవతలి చివర. ఇంజనీరింగ్ చదివి, ఇక్కడికొచ్చి ఐటీలో మాస్టర్స్ చేస్తూ, యూని రోజుల్లో చేతిఖర్చులకని ఈ పనిలో చేరాను. కోర్సు అయింది, శాశ్వత నివాసానికి పీఆర్ వచ్చింది, పని మాత్రం అలాగే ఉండిపోయింది. ఇప్పుడు నన్ను లైఫ్‌స్టైల్ కోఆర్డినేటర్ అంటారు. పొద్దున పేపరు చదివి వినిపిస్తాను, మధ్యాహ్నం బింగో ఆడిస్తాను. మా చుట్టాలడిగితే మా ఆవిడ ‘హెల్త్ సెక్టార్’ అని చెప్పి మాట మార్చేస్తుంది.

మా హాల్లో ఒక తెల్లబోర్డు ఉంది. ఇవాళ ఫలానా వారం, ఫలానా తేదీ, శీతాకాలం, వాన పడొచ్చు అని రోజూ రాయడం నా బాధ్యత. అక్కడుండేవాళ్ళకి కాలం చేజారిపోకుండా చూడడమన్నమాట. పెద్ద పనే, కానీ జీతం అలా అనుకోదు.

అక్కడుండే ఒక పెద్దావిడతో పరిచయం ఆ బోర్డు దగ్గరే. చలికాలం సాయంత్రం, అప్పుడే పొద్దు వాలింది. కర్ర పొడుచుకుంటూ వచ్చి బోర్డుని పైనుంచి కిందిదాకా చదివింది.

“ఇది తుడిచెయ్. నిన్నటిది.”

“ఇంకా మంగళవారమే కదా ఆంటీ.”

ఇక్కడ తొంభై ఏళ్ళ మనిషినైనా పేరు పెట్టే పిలవాలి. శిక్షణలో అలాగే చెప్పారు. నాకు నోరు రాక ఆంటీ అనేశాను.

“నాకు నీలాంటి మేనల్లుడున్నట్టు మావాళ్ళెవరూ చెప్పలేదే,” అంది. “సరే, మేనల్లుడివైతే విను. పొద్దు గుంకిందా? గుంకింది. అయితే మూడో రోజు అయిపోయింది, నాలుగోది మొదలైంది. అర్ధరాత్రి అందరూ నిద్రపోతుంటే దొంగలా రోజు మారడమేమిటి? కళ్ళెదుట మారాలి.”

మా నాయనమ్మకి సూర్యోదయంతో రోజు మారేది. ప్రభుత్వానికి అర్ధరాత్రి. ఈవిడకి సూర్యాస్తమయం. ఒక్క రోజు మొదలవడానికి ఇన్ని ముహూర్తాలున్నాయని నాకు అప్పటిదాకా తట్టలేదు. బోర్డు తుడవలేదు గానీ, కింద మూలన చిన్నక్షరాలతో ‘నాలుగో రోజు’ అని రాశాను. మర్నాటి నుంచి అది అలవాటైపోయింది.

ఆవిడ ఒకప్పుడు ఇక్కడి బడిలో లెక్కల టీచరు. అందుకని నాకు పాఠం తప్పలేదు. వాళ్ళ వారంలో ఆరు రోజులకి పేర్లు లేవు, నంబర్లే. మొదటిది రిషోన్, రెండోది షేని, అలా ఆరోదాకా. ఏడోదానికి మాత్రం షబ్బాత్ అని పేరు.

“మిగతావాటికి ఎందుకు పెట్టలేదు?” అన్నాను.

“ఆరుగురు పనివాళ్ళు, ఒక్క పెళ్ళికూతురు. పేరు ఎవరిదడుగుతారు నువ్వు చెప్పు. మీ రోజులకో?”

“సూర్యుడు, చంద్రుడు, కుజుడు... గ్రహాల పేర్లు.”

“ఓహో. ఏడుగురు అధికారుల్ని పెట్టుకున్నారు. పని జరుగుతుందా?”

నెలలకి మాత్రం వాళ్ళకీ పేర్లున్నాయి. నిసాన్, ఇయ్యార్, సివాన్, తమ్మూజ్... మాలాగే అమావాస్య వెళ్ళాక మొదలవుతాయి. మాకు అధికమాసం ఎటునుంచి వచ్చి పడుతుందో పంచాంగం విప్పితే గాని తెలీదు. వాళ్ళు పద్ధతిగా, అదార్ నెలనే రెండుసార్లు వేసుకుంటారు. ఆ పేర్లు కూడా అసలు తమవి కావని, పూర్వం బాబిలోన్‌కి బందీలుగా పట్టుకుపోతే అక్కడ అలవాటై తిరిగొచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నామని చెప్పింది. చెరలోంచి వచ్చేవాళ్ళకి ఇంకేం సామాను ఉంటుంది, నెలల పేర్లు తెచ్చుకున్నారు. మేం వచ్చేటప్పుడు ప్రెషర్ కుక్కర్ తెచ్చుకున్నాం.

ఆవిడ గదికి పడమటి వైపు పెద్ద కిటికీ. కార్ల పార్కింగు, దాని వెనక యూకలిప్టస్ చెట్లు, వాటిమీద బోలెడంత ఆకాశం. పొద్దు వాలే వేళకి కుర్చీ అటు తిప్పుకుని కూర్చునేది. నెల మొదట్లో సన్నటి చంద్రుడు కనిపించేదీ ఆ కిటికీలోంచే. గోడమీద కేలండరు లేదు. ఎందుకు లేదని అడిగితే కిటికీకేసి చెయ్యి చూపించింది.

జులైలో ఒకరోజు బోర్డు దగ్గర, “ఇవాళ తమ్మూజ్ ఎంత ఆంటీ?” అన్నాను.

“ముప్ఫై.”

నా ఫోన్లో వాళ్ళ కేలండరు యాప్ వేసుకున్నాను. తమ్మూజ్‌కి ఇరవై తొమ్మిది రోజులే ఉన్నాయి. తర్వాతి నెల ఆవ్. ఆవిడ పొరబడిందనుకున్నాను. మర్నాడు ముప్ఫై ఒకటి అంది. ఆపై ముప్ఫై రెండు. లెక్కల టీచరు నోట ఆ అంకెలు వింటుంటే నాకు భయం వేసింది. మా ఉద్యోగంలో ఆ భయానికి విడిగా అలవెన్సేమీ లేదు.

శుక్రవారం మధ్యాహ్నాలు ఆవిడ కూతురు వచ్చేది. అరవై దాటిన మనిషి, ఎప్పుడూ కారు తాళాలు చేతిలోనే పట్టుకుని మాట్లాడేది. ఆమెని పక్కకి పిలిచి విషయం చెప్పాను. ఆమె కంగారు పడలేదు.

“నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ మా ఇంట్లో తమ్మూజ్ అలాగే సాగుతుంది,” అంది. “మా అక్క ఆ తర్వాతి నెలలో పోయింది. నేను పుట్టకముందు. అప్పుడు అమ్మావాళ్ళుండే దేశంలో అది మంచి ఎండాకాలం. జ్వరం వచ్చింది, మూడేళ్ళ పిల్ల. అప్పట్నుంచి అమ్మ ఆ నెల పేరెత్తదు. దాని తర్వాతి నెల ఎలూల్ వచ్చేదాకా తమ్మూజే లెక్కపెడుతుంది. మా ఆయన పుట్టింది కూడా ఆ నెలలోనే. ‘నువ్వు తమ్మూజ్ నలభై నాలుగున పుట్టావు, అందుకే ఇలా తయారయ్యావు’ అనేది ఆయనతో.”

ఆ నెల వాళ్ళందరికీ దుఃఖపు నెలేనట. వాళ్ళ గుడి కూలింది అందులోనే. అందుకని చాలామంది దాని పేరు ముందు ‘ఓదార్చేవాడు’ అనే అర్థం వచ్చే మాట చేర్చి పలుకుతారట. ఈవిడ ఆ బేరానికీ దిగలేదు.

నాకు ఇందులో వింతేమీ తోచలేదు. మా నాయనమ్మ బతికున్నంతకాలం తాతయ్య పేరు పలకలేదు. ఆయన పోయాక పింఛను కోసం వెళితే గుమస్తా భర్త పేరు అడిగాడు. “కొండమీద దేవుడి పేరే బాబూ,” అంది. “ఏ కొండమ్మా? తిరుపతా, సింహాచలమా, అన్నవరమా?” అన్నాడతను. నాయనమ్మ తల అడ్డంగా ఊపింది. ఆవిడ మనసులో ఉన్నది మంగళగిరి. గుమస్తా తనకిష్టమైన కొండ రాసుకున్నాడు. ఆ తర్వాత చాలాకాలం మా నాయనమ్మ ప్రభుత్వం దృష్టిలో మరొకరి భార్య. చీకటి పడ్డాక పాముని పురుగనే ఇళ్ళలో పెరిగినవాడిని. పేరు పలికితే వచ్చి కూర్చుంటుందన్న సంగతి నాకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. శ్రావణ శుక్రవారం, పట్టుచీర మీద స్వెటర్ వేసుకుని పేరంటానికి బయల్దేరుతోంది. వాళ్ళ ఆ నెలా మా శ్రావణమూ కలిసే వస్తాయి. వాళ్ళకి ఏడుపు, మాకు వాయనాలు, ఇద్దరికీ ఒకటే చలి.

“మీ నాయనమ్మ పద్ధతే బావుంది,” అంది. “నేను రోజుకి పదిసార్లు మీ పేరు పెట్టి అరుస్తున్నాను. ఒక్కసారైనా పలికారా?”

సరిగ్గా ఆ రోజుల్లోనే పరీక్ష వచ్చిపడింది. మా దగ్గర ఏడాదికోసారి బయటినుంచి ఒక నర్సు వచ్చి జ్ఞాపకశక్తి చూసి వెళ్తుంది. ఇది ఏ సంవత్సరం, ఏ కాలం, ఏ నెల, ఎన్నో తేదీ. మూడు మాటలు చెప్పి కాసేపయ్యాక మళ్ళీ అడుగుతుంది. ఒక గీత ఉంటుంది. మార్కులు దానికి కిందకి పోతే మనిషిని వెనక బ్లాకుకి మారుస్తారు. దానికి మంచి పూలపేరే పెట్టారు. తలుపుకి మాత్రం నంబర్లు నొక్కే తాళం ఉంటుంది. అక్కడి కిటికీలన్నీ లోపలి వసారాలోకి తెరుచుకుంటాయి. ఎదురుగా ఇటుక గోడ, గోడమీద పెయింటు వేసిన పొద్దుతిరుగుడు పూలు. ఆకాశం కావాలంటే మెడ బాగా వెనక్కి వంచాలి. ఆ వయసులో మెడలు వంగవు.

పరీక్షప్పుడు ఎవరైనా తెలిసినవాళ్ళు పక్కన ఉండొచ్చు. కూతురికి కుదరక నన్ను కూర్చోమంది. నర్సు మంచి మనిషి, తొందరపెట్టే రకం కాదు. వారం అడిగింది. ఆవిడ రెండో రోజంది. ఇంగ్లిష్‌లో చెప్పమంటే సోమవారమంది. ఇది ఏ నెల అని అడిగింది.

“తమ్మూజ్.”

“తేదీ?”

“ముప్ఫై అయిదు.”

నర్సు కలం ఆగింది. “ఇంగ్లిష్‌లో ఏ నెలో చెప్తారా?”

“జులైలో సగం, ఆగస్టులో సగం. నీకు ఏ సగం కావాలి?”

నర్సు నవ్వి రెండు సున్నాలు చుట్టింది. కూడితే గీతకి ఒక్క మార్కు కింద తేలింది.

నేను కారిడార్లో నర్సుని ఆపి అంతా చెప్పాను. అక్క సంగతి, నెల సంగతి, పలకకపోవడం సంగతి. మా నాయనమ్మ సంగతి కూడా చెప్పబోయాను గానీ కొండల దగ్గర ఆగిపోయాను. ఆమె ఓపిగ్గా విని, ఫోన్లో కూతురితో మాట్లాడి, “మర్చిపోయినదీ చెప్పననుకున్నదీ ఒకటి కాదు,” అని నెల దగ్గరున్న సున్నా కొట్టేసి ఒకటి వేసింది. తేదీ సున్నా అలాగే ఉంచింది. నెలకి ముప్ఫై అయిదు రోజులంటే ఒప్పుకోవడానికి ఆమెకీ హద్దులుంటాయి. ఆ ఒక్క మార్కుతో గది నిలిచింది. సాయంత్రం ఆవిడ కుర్చీ కిటికీ వైపు తిప్పి కూర్చుంది. నేను బోర్డు మూలన మూడో రోజు అని రాశాను. రెండు రోజులపాటు నన్ను చూసి నేనే కాస్త గర్వపడ్డాను. ఇలాంటివి మాకు ఎక్కువ దొరకవు.

ఏడాది గడిచింది. ఆవిడ నడక తగ్గింది. బోర్డు దగ్గరకి రావడం మానేసింది. నేనే గదికి వెళ్ళి ఎన్నో రోజని అడిగేవాడిని. కొన్నిసార్లు చెప్పేది, కొన్నిసార్లు కిటికీలోకి చూసి, “వాళ్ళనడుగు,” అనేది. వాళ్ళెవరో నేనడగలేదు. మళ్ళీ చలికాలం, మళ్ళీ అదే నర్సు. నేను ముందుజాగ్రత్తగా ఆమెని గేటు దగ్గరే పట్టుకున్నాను.

“తమ్మూజ్ ముప్ఫై ఎంతో అంటుంది. అది తప్పు కాదు, గుర్తుంది కదా?”

“గుర్తుంది. నా పరీక్ష కూడా నువ్వే పెడుతున్నావా?” అంది.

ఈసారి కూతురు వచ్చింది. మంచం అంచున కూర్చుంది, తాళాలు ఒళ్ళో పెట్టుకుని. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. నర్సు సంవత్సరం అడిగింది, కాలం అడిగింది. కాలం దగ్గర ఆవిడ ఎండాకాలమంది. ఒక మార్కు పోయింది. తర్వాత నెల.

“ఆవ్,” అంది.

ఆగలేదు, తడుముకోలేదు. మా బోర్డుమీద రాసినదాన్ని చదివినంత మామూలుగా అంది. తేదీ అడిగితే అదీ చెప్పింది. నేను తలుపు చాటున ఫోన్ తీసి చూశాను. సరిగ్గా సరిపోయింది.

నర్సు నావైపు చూసి కనుబొమలెగరేసింది, చూశావా అన్నట్టు. రెండు చోట్లా ఒకట్లు వేసింది. వాటి సాయంతో ఈసారి మొత్తం గీతకి పైనే తేలింది.

ఆమె కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయింది. పార్కింగులో ఎవరిదో కారు వెనక్కి వస్తూ కూత పెడుతోంది.

“అమ్మా,” అంది కూతురు. “ఆవ్ అన్నావు.”

“మరి? తమ్మూజ్ తర్వాత ఇంకేం వస్తుంది? నువ్వు చిన్నప్పుడు కూడా నెలలు ఇలాగే తప్పుచెప్పేదానివి.”

“అక్క...” అని ఆగిపోయింది ఆమె.

“ఎవరి అక్క? నీకు అక్కెక్కడిది? నువ్వే కదా నా పెద్దదానివి.” ఆవిడ చెయ్యి చాచి కూతురి చెంప మీద తట్టింది. చాలా రోజుల తర్వాత ఆవిడ ముఖం తేటగా ఉంది. అది చూడకుండా ఉంటే బావుండేది.

“అవునమ్మా, నేనే,” అంది కూతురు.

కారిడార్లోకి వచ్చాక ఆమె గోడకి ఆనుకుని, “గది ఉంటుందా?” అని అడిగింది.

“ఉంటుంది. మార్కులు వచ్చాయి.”

“మంచిది,” అంది. తాళాలు లెక్కపెట్టుకున్నట్టు వేళ్ళతో కదిపింది. “నాకు ఆ అక్క ఎలా ఉంటుందో తెలీదు. ఒక్క ఫొటో కూడా లేదు. అమ్మ ఆ పేరు దాటేసినప్పుడల్లా, ఇదిగో ఇక్కడుంది అనుకునేదాన్ని.”

మేనేజర్ ఎదురొచ్చి అభినందనలు చెప్పింది. ఈ వయసులో మార్కులు పెరగడం అరుదని, నా బోర్డు పని చేస్తున్నట్టుందని అంది. థాంక్స్ అన్నాను. కూతురు కూడా థాంక్స్ అంది. మర్యాద తెలిసిన మనుషులం ఇద్దరం. తర్వాత ఆమె, ఇంకా ఎండ ఉండగానే, కారెక్కి వెళ్ళిపోయింది.